ఇంజను బ్లాకుకు బోరు: ఎంత సైజు వరకు కోయించవలెను?

బోరు అనగానే మన ప్రాంతపు రైతునకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది పొలములోని గొట్టపుబావి. ఇచట చెప్పబోవునది ఆ బోరు కాదు. ఇంజనులో పిస్టను మీదికిని క్రిందికిని ఆడు గుండ్రని గదికి సిలిండరు అనియు, దాని లోపలి వ్యాసమునకు బోరు అనియు పేర్లు. సిలిండరు గల పోత ఇనుప భాగమును మెకానిక్కులు బ్లాకు అందురు. దాని లోపలి గోడ అరిగినపుడు యంత్రముతో కొంత కోసి, మరల గుండ్రముగాను నిలువుగాను చేసి, పెరిగిన వ్యాసమునకు తగిన పెద్ద పిస్టనును వేయుదురు. దీనినే బోరు చేయించుట అందురు.

"బండి బోరుకు వచ్చినది" అని మెకానిక్కు చెప్పిన వెంటనే ఇంటిలో పుట్టు ప్రశ్న ఖర్చు ఎంత అన్నది. ఎంత కోయవలెను అను ప్రశ్నను సాధారణముగా ఎవరును అడుగరు. లేతు షాపువారికి అది విడిచిపెట్టుదురు. అయితే కోసిన ఇనుము తిరిగి రాదు. ఒక బ్లాకుకు ఇట్టి కోతలు మూడో నాలుగో మాత్రమే దక్కును. అవసరమునకు మించి కోసిన, రాబోవు ఏండ్లలో దక్కవలసిన ఒక కోత నేడే ఖర్చగును. అవసరమునకు తక్కువగా కోసిన, అరుగుదల గుంట అట్లే మిగిలి, కొత్త రింగులు పట్టక, కొన్ని నెలలకే నీలిపొగ మొదలగును. పొదటూరుపేట మగ్గముల ఇంటినుండి లుంగీల మూటలు మోయు మోపెడునకైనను, పళ్ళిపట్టునుండి పాలక్యానులు తెచ్చు బుల్లెట్టునకైనను ఈ లెక్క ఒక్కటే.

బుల్లెట్టును ఉదాహరణముగా తీసికొనుటకు కారణము కలదు. అది మన జిల్లాలో పుట్టిన బండి. 1955లో మద్రాసు మోటార్సు వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు వారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థను స్థాపించి, తిరువొత్తియూరులో కర్మాగారము నెలకొల్పిరి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినపుడు తిరువొత్తియూరు ఈ జిల్లాలోనే ఉండెను. 2018లో అది చెన్నై జిల్లాలో చేరినది. పోత ఇనుప బ్లాకు గల పాత 350 బుల్లెట్టు 2010 ప్రాంతము వరకు అచట తయారయినది. దాని బోరు 70 మి.మీ., పిస్టను నడక 90 మి.మీ., ఘనపరిమాణము 346 సీసీ. నగరి, పుత్తూరు వైపు పోయినను, ఊత్తుకోట, సత్యవేడు వైపు పోయినను ఈ బండ్లు నేటికిని కనబడును.

అరుగుదల ఎచట, ఎందుకు

సిలిండరు గోడ అంతటను సమముగా అరుగదు. పిస్టను పైకొనకు చేరి ఒక్క క్షణము నిలిచి వెనుదిరుగును. అచట వేడి అత్యధికము. నూనె పొర అతి పలుచన. మండిన వాయువు రింగుల వెనుక దూరి వానిని గోడకు గట్టిగా ఒత్తును. కనుక పై రింగు ఆగు చోట అరుగుదల ఎక్కువ, క్రిందికి వచ్చుకొలది తక్కువ. గది పైన వెడల్పుగా, క్రింద ఇరుకుగా కొంచెము గరాటు వలె మారును. రింగు చేరని పైఅంచున అరుగని గట్టు ఒకటి మిగులును. వ్రేలిగోరు పెట్టి పైకి జరిపిన ఆ గట్టు తగులును.

రెండవది, గుండ్రము చెడుట. మంట పిస్టనును క్రిందికి నెట్టునపుడు కనెక్టింగు రాడ్డు వాలుగా ఉండును గనుక పిస్టను ఒక ప్రక్క గోడకు ఒరుగును. ఆ ప్రక్క ఎక్కువగా అరిగి, వృత్తము కోడిగ్రుడ్డు ఆకృతి దాల్చును. ఈ ఒంటిప్రక్క అరుగుదలయే సైజు నిర్ణయములో అందరిని మోసగించునది. దానిని క్రింద వివరించెదను.

ధూళి మరియొక శత్రువు. ఇటుక బట్టీల చెంతనో, ఇసుక లారీలు తిరుగు బాటలలోనో నడచు బండికి గాలి ఫిల్టరు చిరిగినను, దానిని తీసివైచినను, సానరాతి పొడిని ఇంజనులో పోసినట్లే. బోరు చేయించి ఫిల్టరు మార్చనివారు త్వరలోనే మరల లేతు షాపునకు వెళ్ళవలసి వచ్చును.

కొలువక కోయరాదు

కొలతకు కావలసినది బోరు డయలు గేజి. దానిని ముందుగా మైక్రోమీటరుతో సరిచూచుకొని, సిలిండరులో మూడు ఎత్తులలో, అనగా పైన గట్టునకు దిగువను, నడుమను, అడుగునను, ప్రతి ఎత్తున రెండు అడ్డదిశలలో కొలువవలెను. మొత్తము ఆరు అంకెలు. వీనిని ఒక కాగితముపై వ్రాయించుకొనుడు. వ్రాయుటకు ఇష్టపడని షాపులో పని ఇవ్వకుండుట మేలని నా అభిప్రాయము.

బ్లాకు చల్లబడి, షాపు లోపలి వేడికి వచ్చిన తరువాతనే కొలువవలెను. కత్తిరి ఎండలలో వాకిట పెట్టిన బ్లాకు నీడలోని దానికంటె 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నచో, 70 మి.మీ. బోరు సుమారు 0.015 మి.మీ. వ్యాకోచించును. చూపులకు అది లెక్కలోనిది కాదు. కాని పిస్టనునకును గోడకును నడుమ విడువవలసిన సందును కూడ ఇట్టి వందవ వంతులలోనే లెక్కింతురు.

ఒక ఊహాత్మకమైన బుల్లెట్టు బ్లాకును చూతము. పైన ముందు–వెనుక దిశలో 70.22, అడ్డదిశలో 70.10, నడుమ 70.14, 70.07; అడుగున 70.02, 70.01. మొదటి రెండింటి భేదము 0.12, అది గుండ్రము చెడిన కొలత. పైకొలతకును అడుగు కొలతకును భేదము 0.20, అది గరాటుతనము. చిన్న ఇంజనుల మరమ్మతు పుస్తకములు అనేకములలో 0.10 మి.మీ. అరుగుదల దాటిన కోయవలెనని యుండును. మీ బండి పుస్తకములోని అంకెయే ప్రమాణము. ఈ బ్లాకు మాత్రము నిస్సందేహముగా కోతకు వచ్చినది.

0.25 చాలునా, 0.50 కావలెనా?

పెద్ద పిస్టనులు మెట్లు మెట్లుగా దొరకును: 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. అన్ని బండ్లకు అన్ని మెట్లును దొరకవు. మన బ్లాకులో అత్యధిక కొలత 70.22 గదా, 70.25 పిస్టను సరిపోవును, ఇంకను 0.03 మిగులుచున్నది అని తోచును. ఇచటనే లెక్క తప్పును.

డయలు గేజి చూపునది వ్యాసమును. అరుగుదల ఏ ప్రక్కను ఎంత ఉన్నదో అది చెప్పదు. పెరిగిన 0.22లో ఒక ప్రక్క 0.17, ఎదుటి ప్రక్క 0.05 అనుకొందము. సిలిండరు నడిబిందువు కదలరాదు. కదలిన పిస్టను దారి క్రాంకునకు సరిగా కుదురదు. నడిబిందువు స్థిరముగా ఉంచి ఆ 0.17 గుంట మాయునట్లు కోయవలెనన్న, వ్యాసార్ధము 35.17 కావలెను, వ్యాసము 70.34. 70.25లో ఆ గుంట మిగిలిపోవును. పిల్లలు తమిళ బడిలో విట్టం, ఆరం అని చదువుకొన్న పాఠమే ఇది. ఎనిమిదవ తరగతి బాలునిచే ఈ లెక్క వేయించిన తండ్రికి లేతు షాపులో మాట్లాడుటకు ధైర్యము వచ్చును.

పోనీ, అరుగుదల ఇరుప్రక్కల సమముగా 0.11 చొప్పున ఉన్నదనుకొందము. అప్పుడును 0.25 చాలదు. కోత సాధనము గోడపై సన్నని చాళ్ళు విడుచును. వానిని మాపి నునుపు చేయుటకు హోనింగు కొరకు వ్యాసములో 0.03 నుండి 0.05 మి.మీ. మిగుల్చవలెను. అనగా కోత 70.20 లేక 70.22 వద్ద ఆగవలెను. అప్పటికి అరిగిన చోట సాధనము తగిలియు తగులక పోవును. కనుక ఈ బ్లాకునకు 0.50 తప్పదు.

సూత్రము ఇట్లుండును: ఒక ప్రక్క అత్యధిక అరుగుదలను రెట్టింపు చేసి, హోనింగు పాలు కలిపి, అంతకు పై మెట్టును ఎన్నుకొనవలెను. 0.25 మెట్టు సరిపోవలెనన్న ఒక ప్రక్క అరుగుదల 0.10కి మించరాదు. బాగుగా తిరిగిన పాత బండ్లలో ఇది అరుదు. అందుచేత తొలి కోతకు 0.25 అడుగుట పొదుపువలె కనబడినను, పాత బుల్లెట్టు విషయములో తరచుగా రెండుసార్ల కూలికి దారితీయును. నెలల నాడే కొత్త పిస్టను వేసి, నూనె లేక ఒక్కసారి పట్టేసిన బండికి మాత్రము గీతలు లోతు కాకున్న 0.25 చాలవచ్చును.

ఒంటిప్రక్క అరుగుదలను తెలిసికొనుటకు మార్గము సులభము. లేతు షాపులో బోరింగు యంత్రమును అడుగున అరుగని భాగమునకు సరిగా నిలిపి, పైన డయలు త్రిప్పి చూచిన ఏ ప్రక్క ఎంత గుంట ఉన్నదో తెలియును. కొందరు పనివారు తొందరలో పైన అరిగిన నోటినే ఆధారము చేసికొని యంత్రమును నిలుపుదురు. అప్పుడు చిన్న సైజులోనే గోడ శుభ్రమగును, పని చక్కగా కనబడును, కాని గది ఒక ప్రక్కకు జరుగును. "అడుగు చూచి సెంటరు పెట్టుడు" అను ఒక్క మాట మరువకుడు. బ్లాకు అడుగు ముఖముపై పాత గాస్కెట్టు ముక్క అంటియున్నను గది వాలును. దానిని గీకి తీసిన తరువాతనే యంత్రముపై ఎక్కింపవలెను.

నేరుగా 1.00 కోయమను సలహాయును వినబడును. "మరల రానక్కరలేదు" అని దానికి కారణము చెప్పుదురు. నిజమునకు ఆ దినమున అంగడిలో ఉన్న పిస్టను అదియే అయి యుండవచ్చును. పిస్టను దొరకనిచో తిరుత్తణిలో లేనిది తిరువళ్ళూరులోనో, మద్రాసు నగరములోనో వెదకుట మేలు. సెంబియములోని ఇండియా పిస్టన్సు 1949 నుండి పిస్టనులు చేయుచున్న ఊరికి ఇంత చేరువలో నివసించుచు, పిస్టను లేదని రెండు మెట్లు ఒకేసారి కోయించుకొనుట న్యాయము కాదు.

బోరు పెంచిన బండి బలము పెరుగునని యువకులు భ్రమపడుదురు. 70 మి.మీ. బోరు 71 అయినచో బుల్లెట్టు 346 సీసీ నుండి సుమారు 356 సీసీ అగును, అంతే. నూటికి మూడు పాళ్ళు కూడ కాదు. టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపరులో 46 మి.మీ. బోరు 47 అయినను 70 సీసీ 73 సీసీకి చేరును. బోరు చేయించిన బండి చురుకుగా పోవుట రింగులు మరల పట్టుటవలన గాని సీసీ వలన గాదు.

అంగుళములు, మిల్లీమీటరులు

ఇంగ్లీషు వారి కొలతలతో పుట్టిన పాత ఇంజనులకు, అంబాసిడరు కారు వంటివానికి, మెట్లు అంగుళములో వేయవ వంతులలో ఉండును: 10, 20, 30, 40, 60. అందు 20 అనగా 0.508 మి.మీ.; 40 అనగా 1.016, 60 అనగా 1.524. పిస్టను తలపై 20 అని అచ్చువేసి యుండిన అది 0.20 మి.మీ. కాదు. 50 అని యుండిన అది 0.50 మి.మీ. కావచ్చును. పాత బండి కొనునపుడు, మునుపు ఎన్ని మెట్లు ఖర్చయినవో తెలియుటకు ఈ అంకెయే ఆధారము. హెడ్డు విప్పి పిస్టను తల తుడిచి చూడకుండ "ఒక్కసారియే బోరు అయినది" అను అమ్మకందారు మాట నమ్మరాదు.

పిస్టను చేతికి రాకముందు బ్లాకును కోయించరాదు. ఈ నియమమునకు మినహాయింపు లేదు. 0.50 అని ముద్ర ఉన్న పిస్టనులన్నియు వందవ వంతు తేడా లేకుండ ఒక్కటిగా ఉండవు. పిస్టను క్రిందిభాగమును, పిన్నునకు అడ్డదిశలో, తయారీదారు చెప్పిన ఎత్తున కొలిచి, దానికి సందు కలిపి, ఆ కొలతకు బోరు చేయవలెను. పిస్టను అల్యూమినియము, బ్లాకు పోత ఇనుము. వేడికి అల్యూమినియము ఇనుముకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును. సందు తగ్గిన పట్టేయును. ఎక్కువైన చల్లని వేళ టకటక శబ్దము చేయుచు నూనె త్రాగును. గాలితో చల్లబడు బుల్లెట్టు వంటి ఇంజనునకు నీటితో చల్లబడు దానికంటె ఎక్కువ సందు కావలెను. ఎంత అన్నది పిస్టను పెట్టెలోని చీటిపై ఉండును. ఆ చీటిని పారవేయకుడు.

ఎచట ఆగవలెను?

వ్యాసములో ఒక మి.మీ. కోసిన ప్రతి ప్రక్క గోడ అర మి.మీ. పలుచనగును. పోత పోయునపుడు లోపలి అచ్చు కొంచెము జరిగిన ఒక ప్రక్క గోడ మొదటినుండియే పలుచనగా ఉండవచ్చును. బయటికి అది తెలియదు. పలుచని గోడ వేడికి వంకరపోవును. పైన హెడ్డు గాస్కెట్టు కూర్చొను అంచు కూడ సన్నగిల్లును. కనుక తయారీదారుల పిస్టను వరుస ఎచట ముగియునో అచటనే హద్దు. అంగడిలో ఎవరో ఇంకను పెద్దది చేసి అమ్ముచున్నారన్నది ఆ హద్దు దాటుటకు కారణము కాజాలదు.

హద్దు ముగిసిన తరువాత రెండు దారులు. మొదటిది స్లీవు: బ్లాకును పెద్దదిగా కోసి, పోత ఇనుప గొట్టమును బిగువుగా దించి, దానిని మరల అసలు సైజునకు బోరు చేయుదురు. స్లీవు బ్లాకును అంతటను ఆనుకొని ఉండవలెను. వదులైన వేడి బయటికి పోదు. రెండవది కొత్త బ్లాకు–పిస్టను కిట్టు. మోపెడులకు, నూరు సీసీ బండ్లకు కిట్టు దొరకుచున్నచో స్లీవు కంటె అదియే మేలు. రెండు స్ట్రోకుల బండి స్లీవునకు వాయుద్వారములు కూడ సరిగా కోయవలసి యుండును. ఆ పని బాగుగా చేయువారు తగ్గిపోయిరి. పాత బుల్లెట్టు ఇనుప బ్లాకునకు మాత్రము స్లీవు తగినదే.

నాలుగు సిలిండరుల ఇంజనులో ఒక్కటి మాత్రమే చెడినను, దానిని పెంచిన మిగిలినవానిని కూడ అదే మెట్టునకు పెంచవలెను. లేనిచో పిస్టనుల బరువులు సమముగా ఉండక అదురు పుట్టును. ఒక్కదానికి స్లీవు వేసి పాత సైజునే నిలుపుకొనుట కొన్నిసార్లు చవుక.

కోయకూడనివి

పొలములోని డీజిలు పంపుసెట్టులు, ట్రాక్టరులు, లారీలు చాలవరకు లైనరు గలవి. వానిలో అరుగునది లోపల దించిన లైనరు. దానిని తీసి కొత్తది వేసి, అసలు సైజు పిస్టనునే పెట్టవలెను. ట్రాక్టరు బ్లాకును "బోరు చేసి పెట్టెదను" అనువాని యొద్ద ఒకమారు ఎందుకని అడుగవలెను. ఇక కొత్త మోటారు సైకిళ్ళలో కొన్నిటికి అల్యూమినియము గోడపై నికెలు కలిసిన గట్టి పూత ఉండును. దానిని కోసిన పూత పోయి బ్లాకు పనికిరాకుండ పోవును. అయస్కాంతము లోపలి గోడకు అతుకుకొనకపోయిన, కోతకు ముందు కంపెనీ సేవాకేంద్రములో విచారించవలెను.

కోసిన తరువాత

హోనింగు గోడపై ఒకదానినొకటి ఖండించు సన్నని వాలుగీతలు ఉండవలెను. అవి నూనెను నిలుపును. అద్దమువలె మెరయు గోడ మంచి పనికి గుర్తు కాదు. రెండు స్ట్రోకుల బ్లాకులో ద్వారముల అంచులను కొంచెము మొండి చేయవలెను, లేనిచో రింగు తగిలి విరుగును. రింగును ఒంటరిగా బోరులో సమముగా దించి కొనల నడుమ సందు చూడవలెను. 70 మి.మీ. బోరునకు సుమారు 0.21 నుండి 0.28 వరకు సాధారణము.

హోనింగు రాతిపొడి గీతలలో దాగియుండును. కిరోసిను దానిని పూర్తిగా తీయదు. వేడినీటితోను సబ్బుతోను బ్రష్షు పెట్టి తోమి, తెల్లని గుడ్డతో తుడిచినపుడు గుడ్డ తెల్లగా ఉండువరకు కడుగవలెను. ఆరిన వెంటనే నూనె పూయకున్న గంటలోనే తుప్పు ఎక్కును. మొదటి కొన్ని వందల కిలోమీటరులు బరువు వేయక, ఒకే వేగమున సాగక, కొండ ఎక్కునపుడు ఇంజనును మూల్గనీయక నడిపి, నూనెను త్వరగా మార్చవలెను. మార్చిన నూనెను వెలుతురులో చూచిన, అందు మెరయు పొడి కొంచెము కనబడుట సహజము. రెండవ మార్పునకు అది కనబడరాదు.